గది తాళం ఎవరి దగ్గరుంది?

(సంక్షేమ హాస్టల్ విద్యార్థుల సమావేశంలో ఉపాధ్యాయ మిత్రుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అంబేద్కర్ ఫోటో కింద నిలబడి ఇంగ్లీషు టీవీ కామెడీ గురించి మాట్లాడటమేమిటని ముందు వరసలో కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తున్నారు. చిట్లించనివ్వండి. నవ్వు చిన్న విషయం కాదు. మన తాతలు ఎన్ని కర్ర దెబ్బలు తిన్నారో, రచ్చబండ దగ్గర నవ్వులపాలైన దెబ్బలు అంతకన్నా ఎక్కువ తిన్నారు. కర్ర దెబ్బకు కేసన్నా పెట్టొచ్చు. నవ్వుకు ఏ పోలీసు స్టేషన్లో రాసుకుంటారు?

మేం చెప్పబోయే సీరియల్ పేరు 'రైజింగ్ డ్యాంప్'. పాత ఇళ్ల గోడల్లోకి నేలలోంచి పైకెక్కే చెమ్మ అని అర్థం. 1974లో ఇంగ్లండులో ఐటీవీ ఛానల్లో మొదలై 1978 దాకా 28 భాగాలు వచ్చింది. రాసినాయన ఎరిక్ చాపెల్, కరెంటు బోర్డులో లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం ఇరవై రెండేళ్లు చేసిన మనిషి. ముందు నాటకంగా రాశాడు, తర్వాత టీవీకి మార్చాడు. మీలో ఎవరూ చూసి ఉండరు, మీరు పుట్టకముందు సంగతి. కానీ మీ వార్షికోత్సవ నాటిక మీద వచ్చిన తగువు అక్కడ ఈ సీరియల్ లాంటి వాటి మీద యాభై ఏళ్ల నుంచి నడుస్తూనే ఉంది. అందుకని దీన్ని పట్టుకొచ్చాం.

కథ ఇదీ. ఒక పాడుబడ్డ పాత మేడ. దాని ఓనరు రిగ్స్‌బీ. పిసినారి, నోటి దురుసు మనిషి, యుద్ధంలో తానేదో పొడిచేశానని కోతలు కోస్తాడు. గదులు అద్దెకిస్తాడు. పై గదిలో ఇద్దరు కుర్రాళ్లు. ఒకడు ఆలన్, తెల్లవాడు, డాక్టరీ చదువుతున్నాడు, జుట్టు పెంచాడు. రెండోవాడు ఫిలిప్, నల్లజాతి విద్యార్థి. శుభ్రమైన ఇంగ్లీషు, నెమ్మదైన మాట, మంచి బట్టలు. ఆఫ్రికాలో ఒక తెగ నాయకుడి కొడుకునని, తనకు పదిమంది భార్యలని చెప్పుకుంటాడు. ఇంకో గదిలో మిస్ జోన్స్ అనే ఆమె ఉంటుంది. ఓనరు ఆమె కోసం పడిచస్తుంటాడు, ఆమె చూపేమో ఫిలిప్ మీద. ఒకరికొకరు పొసగని ఈ నలుగురినీ ఒక కప్పు కింద పెట్టి నవ్వించాడు రచయిత. రిగ్స్‌బీ నోట్లోంచి నల్లవాళ్ల మీద ఎన్ని వెటకారాలు రావాలో అన్నీ వస్తాయి. అడవులు, ఈటెలు, తప్పెట్లు, మంత్రాలు, ఏదీ వదలడు.

ఇక్కడొక చిన్న పిట్టకథ. నాటకంలో ఆ ఓనరు పేరు రూక్స్‌బీ. అదే పేరున్న నిజం ఓనరొకాయన ఎక్కడినుంచో అభ్యంతరం చెప్తే, టీవీలో రిగ్స్‌బీ అని మార్చారు. చూశారా? ఓనరు మనసు నొచ్చుకుంటే పేరే మారిపోతుంది. అద్దెకుండేవాడి మనసు నొచ్చుకుంటే మాత్రం 'జోకును జోకులాగా తీసుకోవయ్యా' అంటారు.

ఆ జోకు వెనక ఏముందో తెలియకుండా మనం నవ్వలేం, ఏడవలేం. 1948లో 'విండ్‌రష్' అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి నల్లవాళ్లను ఇంగ్లండు రేవుకు తెచ్చింది. యుద్ధంలో దెబ్బతిన్న ఆ దేశానికి బస్సులు నడపడానికి, ఆసుపత్రుల్లో సేవ చేయడానికి, ఫ్యాక్టరీల్లో పనికి మనుషులు కావాలి. పనికి రమ్మన్నారు, ఇల్లు మాత్రం ఇవ్వలేదు. 'నల్లవాళ్లకు గదులు లేవు' అని కిటికీల్లో బోర్డులు పెట్టారు. 1965లో జాతి వివక్షకు వ్యతిరేకంగా మొదటి చట్టం వచ్చింది, అందులో ఇళ్ల ఊసు లేదు. 1968 చట్టంలో ఇళ్లను, ఉద్యోగాలను చేర్చారు. చేర్చినా ఒక కిటికీ తెరిచి పెట్టారు. ఓనరు తానూ అదే ఇంట్లో ఉంటూ అద్దెకున్నవాళ్లతో కలిసి వాడుకునే చిన్న ఇళ్లకు మినహాయింపు ఇచ్చారు. అంటే సరిగ్గా రిగ్స్‌బీ లాంటి ఓనర్లకన్నమాట! ఫిలిప్ ఆ గదిలో ఎంత దర్జాగా కూర్చున్నా, పొమ్మంటే పోవాల్సినవాడే. ఆ భయం తెలిసినవాడికి ఈ సీరియల్ ఒకలా కనబడుతుంది, తెలియనివాడికి ఇంకోలా కనబడుతుంది.

ఇప్పుడు చూసినవాళ్లు ఏమన్నారో చూద్దాం.

చాలామంది తెల్ల ప్రేక్షకులు దీన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2004లో బీబీసీ పెట్టిన ఓటింగులో ఐటీవీ కామెడీలన్నిటిలోకీ పైన నిలిచింది ఇదే. వాళ్ల వాదన ఏమిటంటే, 'ఇందులో వెధవ ఎవరు? ఓనరే కదా. ప్రతిసారీ బోర్లా పడేది అతనే. నల్లవాడు అందరికన్నా తెలివైనవాడు, మర్యాదస్తుడు. ఇది జాతి దురహంకారం మీద దెబ్బ.' ఈ మాటలో నిజం లేదని మేం అనం. ఫిలిప్ పాత్ర వేసిన డాన్ వారింగ్టన్ ట్రినిడాడ్‌లో పుట్టి ఇంగ్లండులో పెరిగిన నటుడు. అంతకుముందు 1969లో 'కర్రీ అండ్ చిప్స్' అని ఒక కామెడీ వచ్చింది, అందులో ఒక తెల్ల నటుడికి ముఖాన గోధుమరంగు పూసి పాకిస్తానీ వాడన్నారు. ఆరు భాగాలకే దాన్ని ఆపేయాల్సి వచ్చింది. ఆ రంగు పూసుకున్న ముఖం పక్కన పెట్టి చూస్తే, ఫిలిప్ నిటారుగా నిలబడ్డ మనిషి. నల్లజాతి యువకుడు టీవీలో చదువుకున్నవాడుగా, తొణకనివాడుగా కనబడటం ఆ రోజుల్లో అరుదు. ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

ఇంకొందరు అంటారు, 'ఓనరు అందర్నీ తిడతాడండీ. తెల్లకుర్రాడి జుట్టును తిడతాడు, ఆడవాళ్లను తిడతాడు, చదువుకున్నవాళ్లను తిడతాడు. నల్లవాడినొక్కడినే అనడు కదా?' ఈ మాట మనకు బాగా తెలిసిన మాట. 'మా నాయన నోరే అంత, అందర్నీ అంటాడు' అని భూస్వామి కొడుకు మనకు సర్దిచెప్పే మాట. ఆలన్‌కు జుట్టు కత్తిరించుకుంటే సరి. డాక్టరీ పాసైతే రేపు అదే ఓనరు 'రండి డాక్టరు గారూ' అంటాడు. ఫిలిప్ ఏం కత్తిరించుకోవాలి?

ఇంకో రకం ప్రేక్షకులున్నారు. వీళ్లు ఉత్తరాలు రాయలేదు, ఓట్లు వేయలేదు. అప్పటి ఇంగ్లండు బడుల్లో చదువుకున్న నల్లజాతి పిల్లలు, మన దేశం నుంచీ పాకిస్తాన్ నుంచీ వెళ్లిన కుటుంబాల పిల్లలు. ఆ కాలపు ఇలాంటి సీరియళ్ల గురించి పెద్దయ్యాక వాళ్లు మళ్లీ మళ్లీ చెప్పిన మాట ఒకటుంది. రాత్రి టీవీలో వచ్చిన తిట్టు పొద్దున బడి ఆవరణలో వాళ్ల కోసం కాచుకుని ఉండేది. రచయిత గొప్ప ఉద్దేశంతో రాసి ఉండొచ్చు. ఆ ఉద్దేశం బడి ఆవరణ దాకా రాలేదు, తిట్టు మాత్రం వచ్చింది. బడిలో పని చేసేవాళ్లం కాబట్టి ఈ సంగతి మాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటర్వెల్ బెల్లు కొట్టాక పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో వరండాలో నిలబడితే వినబడుతుంది. నిన్నటి సినిమాలో కమెడియన్ అన్న మాట ఇవాళ నల్లగా ఉన్న పిల్లకు పేరవుతుంది. అసలు మన భాషే చూడండి. అన్నం బాగోకపోతే 'చండాలంగా ఉంది', రోడ్డు బాగోకపోతే 'చండాలంగా ఉంది'. చండాలుడంటే ఎవరు? అంటరాని కులంవాడని మనువు వాడిన పేరు. మన ఇళ్లలో మనమే రోజుకు నాలుగుసార్లు అంటాం! అనే వాడి మనసులో కులం లేకపోవచ్చు, ఆ మాటలో ఉంది.

ఇది ఒక్క ఇంగ్లండు గొడవ కాదు. అక్కడే బీబీసీలో 1965 నుంచి 'టిల్ డెత్ అస్ డూ పార్ట్' అని ఇంకో కామెడీ వచ్చింది. అందులో ఆల్ఫ్ గార్నెట్ అనే ముసలాయన నల్లవాళ్లనీ యూదులనీ నోరారా తిడుతుంటాడు. ఆ పాత్ర వేసిన వారెన్ మిచెల్ స్వయానా యూదుడు, జాతి దురహంకారమంటే గిట్టనివాడు. అయినా ఆయన్ని దారిలో ఆపి 'భలే కడిగేస్తున్నారండీ వాళ్లను' అని మెచ్చుకున్నవాళ్లుండేవారట. ఆ సీరియల్ చూసి అమెరికాలో 1971లో నార్మన్ లియర్ 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' తీశాడు. ఆర్చీ బంకర్ అనే దురహంకారి, ఉదార భావాల అల్లుడు ఒకే ఇంట్లో ఉంటారు, పొద్దస్తమానం తగువు. ఆ ఏడే లారా హాబ్సన్ అనే రచయిత్రి న్యూయార్క్ టైమ్స్‌లో గట్టిగా నిలదీసింది. మీ ఆర్చీ నిజమైన దురహంకారి వాడే అసలు తిట్లు వాడడు, మెత్తటి తిట్లు ఏరుకుని వాడతాడు, దురహంకారాన్ని కడిగి తలంటుపోసి ముద్దొచ్చేలా చేశారు అని ఆమె వాదన. నార్మన్ లియర్ జవాబు రాశాడు. తగువు తెగలేదు.

అప్పుడు 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. వాదించడం మానేసి ప్రేక్షకుల్నే అడిగారు. అమెరికాలో పిల్లల్ని, కెనడాలో పెద్దల్ని. తేలిందేమిటి? ఇటువాళ్లకూ అటువాళ్లకూ సీరియల్ నచ్చింది. కాకపోతే దురహంకారం తక్కువున్నవాళ్లు 'ఆర్చీ ఎంత మూర్ఖుడో చూడండి' అని నవ్వారు. దురహంకారం ఎక్కువున్నవాళ్లు 'ఉన్న మాట అంటాడు మా ఆర్చీ' అని నవ్వారు. తెర ఒకటే, జోకు ఒకటే, నవ్వులు రెండు. అద్దంలో చూసుకున్నట్టు ఎవడి ముఖం వాడికి కనబడింది.

కాబట్టి తమ్ముళ్లూ, 'ప్రేక్షకులు మెచ్చారు' అన్న మాట ఎవరన్నా అంటే వెంటనే అడగండి, ఏ ప్రేక్షకులు అని. ప్రేక్షకులు అనే కులం ఎక్కడా లేదు. చీకట్లో టిక్కెట్టు కొనుక్కుని పక్కపక్కన కూర్చుంటే అందరూ ఒకటైపోతారని మనకు చెప్తారు. రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లు, బావులతో పాటు వినోద స్థలాల పేరు కూడా రాసుకోవాల్సి వచ్చింది, ఎందుకు? చుండూరు గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. మన కుర్రాడి కాలు ముందు సీటులో ఉన్న అగ్రకులపోడికి తగిలిందని మొదలైంది. నెల తిరిగేసరికి, 1991 ఆగస్టు 6న, 8 మందిని చంపి గోనె సంచుల్లో కుక్కారు. ఒకే సినిమా చూస్తున్న ప్రేక్షకులే వాళ్లంతా.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నవ్వించేది ఎవరు, నవ్వేందుకు మాటలు ఎవరికి పంచారు అన్నది చూడాలి. రిగ్స్‌బీ వేసిన లెనార్డ్ రాసిటర్ మహా నటుడు. ఆ చేతులు తిప్పడం, ఆ మెడ ముందుకు చాచడం, ఆ తత్తరపాటు, చూస్తే మనకే నవ్వాగదు. చూసి చూసి ప్రేక్షకుడు ఎవరికి దగ్గరవుతాడు? నవ్వించినవాడికే. ఎక్కువ మాటలు, మంచి మాటలు, కెమెరా ముందు ఎక్కువ సేపు, అన్నీ ఓనరుకే. ఫిలిప్ పక్కన నిలబడి కనుబొమ్మ ఎగరేస్తాడు. ఓనరు భార్య సంగతి, అతని ఒంటరితనం, పిల్లి మీద ప్రేమ, మిస్ జోన్స్ కోసం తపన, ఇవన్నీ మనకు తెలుసు. అతని మీద జాలి కూడా పుడుతుంది. ఫిలిప్ రాత్రి దీపం ఆర్పాక ఏమనుకుంటాడో మనకు తెలిసేది బహు తక్కువ. ఆలన్ మంచివాడే. స్నేహంగానే ఉంటాడు. మన అభ్యుదయ మిత్రుల్లాగే, గది పంచుకుంటాడు గానీ గది పోతుందనే భయం పంచుకోలేడు.

అయినా ఫిలిప్ ఊరుకుంటాడా? ఒక కథలో ఓనరుకు ఒక చెక్కముక్క ఇస్తాడు. ఇది మా ఆఫ్రికాలో ప్రేమ చెక్క, దీన్ని కాల్చి ఆ పొగ తగిలేలా చేస్తే ఆమె నీ వెంట పడుతుంది అంటాడు. అది ఆఫ్రికా కాదు పాడూ కాదు, గదిలో బీరువాకు ఊడిన చెక్కపేడు! ఓనరు దాన్ని భక్తిగా కాలుస్తాడు. ఈ ఘట్టం దగ్గర మేం మనసారా నవ్వాం. నల్లవాళ్లంటే మంత్రాలు అనే ఓనరు మూఢనమ్మకాన్నే తీసి ఓనరు మెడకు కట్టాడు. మన జానపద కథల్లో పాలేరు కామందును బోల్తా కొట్టిస్తాడు చూడండి, అలాంటి పని. కానీ నవ్వడం అయ్యాక ఒక ప్రశ్న మిగిలింది. ఓనరును గెలవడానికి కూడా ఫిలిప్ ఓనరు తనకు తొడిగిన వేషమే వేసుకోవాల్సి వచ్చిందే!

ఆ వేషం గుట్టు 1980లో వచ్చిన సినిమాలో బయటపడుతుంది. ఫిలిప్ తెగ నాయకుడి కొడుకు కాదు, లండన్ పక్కన క్రాయిడన్ వాడు. పదిమంది భార్యలూ లేరు, రాజ్యమూ లేదు. దీని మీదా ప్రేక్షకులు రెండుగా చీలారు. కొందరు 'అబద్ధాలకోరని తేల్చి ఆ ఒక్క గౌరవమూ తీసేశారు' అన్నారు. కొందరు 'అబ్బ, ఇన్నాళ్లూ అందర్నీ ఎంత బాగా ఆడించాడు' అన్నారు. మేం మూడో మాట అంటాం. అతను ఎందుకు అబద్ధమాడాడు? క్రాయిడన్ నుంచి వచ్చిన మామూలు నల్ల కుర్రాడంటే ఆ ఓనరుకు లెక్క లేదు. రాజు కొడుకంటే ఒక మెట్టు తగ్గుతాడు. మెట్లు నమ్మినవాడి దగ్గర పై మెట్టు పేరు చెప్తేనే తలుపు తెరుచుకుంటుంది.

ఇది వినగానే మీకు ఎవరు గుర్తుకొచ్చారు? మాకు బాబాసాహెబ్ గుర్తుకొచ్చాడు. 1917లో అమెరికా, లండన్ చదువులు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లాడు. హిందూ హోటల్లో చోటు దొరకదు. పార్శీల సత్రం ఒకటుంటే అక్కడికి వెళ్లాడు. పార్శీలకు తప్ప ఇవ్వం అన్నారు. రిజిస్టరులో పార్శీ పేరు రాసుకుని రోజుకు రూపాయిన్నరకు చేరాడు. పై అంతస్తు, విరిగిన కుర్చీలు, చెత్త, మసక లాంతరు, ఎగిరే గబ్బిలాలు. గబ్బిలం అంటే మనకు జాషువా గారు గుర్తొస్తారు. ఆయన 1941లో రాసిన కావ్యానికంటే ఎంతో ముందే మన బాధకు ఆ జీవి సాక్షిగా ఉందన్నమాట. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్శీలు కర్రలు పట్టుకుని వచ్చారు. నువ్వెవరు, మా సత్రాన్ని మైల చేస్తావా అన్నారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. హిందూ స్నేహితుణ్ణి అడిగితే నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. క్రైస్తవ స్నేహితుణ్ణి అడిగితే భార్య వచ్చాక ఆమెనడిగి చెప్తానన్నాడు. ఎవరి ఇంట్లోనూ చోటు లేక, తోటలో కూర్చుని, రాత్రి తొమ్మిది గంటల రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. ఇదంతా ఆయన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నాడు, లైబ్రరీలో ఉంటే చదవండి, లేకపోతే తెప్పించమని వార్డెన్‌ను అడగండి.

ఫిలిప్ వేసిన ఎత్తూ బాబాసాహెబ్ రాసిన పేరూ ఒకే తాళానికి రెండు మారు తాళంచెవులు. ఫిలిప్‌ది కామెడీ అయింది. రిగ్స్‌బీ చేతిలో కర్ర లేకపోవడం వల్లనే కామెడీ అయింది. కర్ర వచ్చిన నిమిషం కామెడీ ఆగిపోతుంది. 'ఘాటు హాస్యం', 'హద్దులు దాటే హాస్యం' అని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. హద్దు దాటేది హాస్యగాడు. హద్దు బయట ఉండేది మనం.

ఇప్పుడు మన టులెట్ బోర్డుల సంగతి. 'మీరేమిట్లండీ?' అని నవ్వుతూ అడుగుతారు. 'ఇంటిపేరేంటి బాబూ', 'మీ సొంతూళ్లో ఇల్లు ఏ వైపు', 'నీచు తింటారా', ఇలా తిప్పి తిప్పి అడుగుతారు. ఇంటిపేరు మింగేసి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, గోడమీద అంబేద్కర్ ఫోటో పెట్టాలా వద్దా అని రాత్రంతా ఆలోచించినవాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో చేతులెత్తమని మేం అడగం. ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో సుఖదేవ్ థోరాట్, ఆయన తోటివారు అద్దె ఇళ్ల మీద పరిశోధన చేసి 2015లో అచ్చేశారు. దళితులకు, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకు ఇల్లు లేదన్నారని తేల్చారు. పేరు విని ఫోన్ పెట్టేయడమే. చదువు ఉంది, జీతం ఉంది, పేరొక్కటే అడ్డం. ప్రైవేటు ఓనరు సంగతి అలా ఉంచండి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2015 డిసెంబరులో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ గదుల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లు పరుపులు, పుస్తకాలు, బాబాసాహెబ్ చిత్రం పట్టుకుని బయట డేరా వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. అందులో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. ఆ గదులకు తాళం వేసింది రిగ్స్‌బీ కాదు.

మరి ఇలాంటి జోకులన్నీ నిషేధించాలా? 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మోకాలితో తొక్కి చంపాక, 'లిటిల్ బ్రిటన్' లాంటి పాత కామెడీలను ఇంగ్లండులో కొన్ని చోట్ల తీసేశారు. దాని మీద పెద్ద రభస. తీసేస్తే తమ చేతులు కడుక్కున్నట్టని కొందరు యజమానులకు అనిపించి ఉంటుంది. మాకైతే తీసేయడం కన్నా పక్కన కూర్చోబెట్టి అడగడం మేలనిపిస్తుంది. నల్లజాతి కమెడియన్ డేవ్ చాపెల్ కథ వినండి. జాతి మీద ఘాటైన జోకులు తనే రాసి తనే వేసేవాడు. అయిదు కోట్ల డాలర్ల ఒప్పందం చేతిలో ఉంది. ఒక ఘట్టం తీస్తుంటే ఒక తెల్లవాడు నవ్విన నవ్వు అతని చెవికి తేడాగా వినిపించింది. నాతో కలిసి నవ్వుతున్నాడా, నన్ను చూసి నవ్వుతున్నాడా అనుకున్నాడు. 2005లో షో వదిలేసి దక్షిణాఫ్రికా వెళ్లిపోయాడు. అతన్ని ఎవరూ నిషేధించలేదు. ఆ నవ్వును సరిగ్గా విన్నాడంతే.

మీ నాటిక రాత ప్రతి మేం చదివాం. అద్దెగదిలో నలుగురు కుర్రాళ్లు, ఒకడికి కులం పిచ్చి. బాగా రాశారు, నవ్వు వస్తుంది. మేం పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టాం. కులపిచ్చోడికి నలభై ఒక్క మాటలు. వాడ నుంచి వచ్చిన కుర్రాడికి తొమ్మిది, అందులో అయిదు 'ఊరుకోరా', 'పోనీలేరా'లు. హాలు నవ్వే ప్రతి చోటా మాట కులపిచ్చోడిదే. రిహార్సల్ చూసి సగం మంది ఉంచమన్నారు, సగం మంది తీసేయమన్నారు. మేం అడిగేది ఇంకోటి. నలుగురు ఉన్న గదికి ఓనరు మీ నాటికలో లేడేం? కులపిచ్చోడు ఏ మాటన్నా ధైర్యంగా అనగలిగేది అద్దె రసీదు వాడి పేరు మీద ఉండబట్టి కాదా? అది రాయండి. ఆ కుర్రాడు ఒక్కడే గదిలో ఉన్నప్పుడు అమ్మకు ఫోన్ చేసే ఘట్టం ఒకటి పెట్టండి. గదిలో ఎవరూ లేరుగా, ఇంటిభాషలో, ఇష్టమొచ్చినట్టు మాట్లాడతాడు, అందర్నీ అనుకరించి ఆమెను నవ్విస్తాడు. మన వాడల్లో నవ్వించేవాళ్లకు కరువా? చిందు భాగోతం ఆడిన కులాలు మనవి. కామందు నడిచినట్టు నడిచి చూపిస్తే అరుగుల మీద ముసలమ్మలు పొర్లి పొర్లి నవ్వేవాళ్లు. ఆ నడక స్టేజీ మీదికి తెండి.

తిట్టు మాట ఉంచాలా వద్దా అన్నది ఆ మాట ఎవరి మీద పడుతుందో వాళ్లు తేల్చాలి. ఓట్లు లెక్కపెట్టి తేల్చేది కాదు. 'నాకు నొప్పిగా ఉంది' అన్నవాళ్లు ముగ్గురే ఉన్నా, ముప్పై మంది నవ్వారని వాళ్ల నోరు మూయకూడదు. ఉంచితే మాత్రం దానికి బదులు కూడా స్టేజీ మీదే రావాలి, మర్నాడు ఇంటర్వెల్లో పిల్లలు నోట పట్టుకుపోయేంత పదునుగా రావాలి. ఇది కష్టమైన పని. ఎరిక్ చాపెల్ ఆ చెక్కముక్క దగ్గర చేశాడు, మిగతా చాలా చోట్ల చేయలేకపోయాడు. మీరు చేయగలరు, ఎందుకంటే గది కోసం తిరిగిన కాళ్లు మీవి.

ఓనరు వేషానికి మనిషి దొరకడం లేదన్నారు. మా లెక్కల మాస్టారు వేస్తానంటున్నారు. వాళ్లావిడ వద్దంటున్నా సరే, లుంగీ, టార్చిలైటు, తాళాల గుత్తి తనే తెచ్చుకుంటారట.

జై భీమ్.